పొరపాటున తెచ్చుకున్న సంచి దొంగతనం కిందకు వస్తుందా?

ప్రశ్న: రైలు దిగే తొందరలో నాదే అనుకుని, అదే రంగులో ఉన్న మరొకరి సంచి ఇంటికి తెచ్చుకున్నాను. తెరిచి చూశాకే సంగతి తెలిసింది. లోపల యజమాని పేరు, ఫోన్ నంబరు రాసి ఉన్న కాగితం దొరికింది. పనుల ఒత్తిడిలో రెండు రోజులు ఊరుకుని మూడో రోజు ఆయనకు ఫోన్ చేసి సంచి అప్పగించాను. ఆయన మాత్రం "ఇది దొంగతనమే, కేసు పెడతాను" అన్నారు. ఉద్దేశం లేనిదే నేరం లేదు, భయపడవద్దని మా అన్నయ్య అంటున్నాడు. అదే నిజమైతే, నిర్లక్ష్యంగా బండి నడిపి ఒకరి ప్రాణం తీసినవాడికి కూడా చంపాలన్న ఉద్దేశం ఉండదు కదా, అతనికి శిక్ష ఎందుకు? నేరాలలో పెద్దవి, చిన్నవి అని ఎవరు ఏ కొలతతో విడదీస్తారు? నేనొకసారి పార్కింగ్ జరిమానా కట్టాను, చట్టం దృష్టిలో నేనూ నేరస్థురాలినేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ అన్నయ్యగారు చెప్పినది సగం వరకు సరైన మాట. ఆ సగంతో మీరు సంచి అందుకున్న క్షణం గురించి నిశ్చింతగా ఉండవచ్చు కానీ, తరువాతి రెండు రోజుల గురించి ఆ మాట ఏమీ చెప్పదు. సంచి యజమాని వాడిన "దొంగతనం" అనే పదం సరైనది కాకపోయినా, ఆ రెండు రోజులు ఏమి జరిగిందని అడిగే హక్కు ఆయనకు ఉంది. మీ ప్రశ్నలన్నిటికీ మూలం ఒక్కటే. నేర చట్టం జరిగిన నష్టాన్ని విడిగా చూడదు, మనిషి మనసును విడిగా చూడదు. చట్టం ముందుగానే నిషేధించిన పని, ఆ పనికి సరిపడే మానసిక స్థితి, ఈ రెండూ ఒకే సమయంలో కలిశాయా అని చూస్తుంది.

ఇందులో "ముందుగానే" అనే మాటను తేలికగా తీసుకోకూడదు. ఒక పని ఎంత అసహ్యంగా ఉన్నా, చేసిన రోజున దానిని నేరంగా ప్రకటించిన చట్టం లేకపోతే తరువాత చట్టం తెచ్చి శిక్షించడం కుదరదు. 1789లో ఫ్రెంచివారు ప్రకటించిన మానవ హక్కుల పత్రంలో ఈ నియమం ఉంది. చట్టం లేనిదే నేరం లేదు, చట్టం లేనిదే శిక్ష లేదు అనే లాటిన్ సూత్రంగా దానికి రూపమిచ్చినవాడు జర్మన్ న్యాయశాస్త్రవేత్త ఫాయర్‌బాహ్, 1801లో. 1966 నాటి పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడిక 15వ అధికరణం, భారత రాజ్యాంగంలోని 20వ అధికరణం మొదటి ఖండం చెప్పేది కూడా ఇదే.

ఇక పని సంగతి. లాటిన్‌లో ఆక్టస్ రియస్ అని పిలిచే ఈ అంశంలో మొదటి షరతు ఏమిటంటే, ఆ పని మనిషి తన అదుపులో ఉండి చేసినదై ఉండాలి. నిద్రలో విసిరిన చేయి తగిలి పక్కవారికి దెబ్బ తగిలితే అది అతని శరీరం కదలడమే తప్ప, అతను చేసిన పని కాదు. రెండవ షరతు, శిక్ష ఏదో ఒక నడతకు పడాలి గానీ ఒక స్థితిలో ఉన్నందుకు పడకూడదు. మత్తుమందులకు బానిసగా ఉండటమే నేరమన్న కాలిఫోర్నియా చట్టాన్ని అమెరికా సుప్రీంకోర్టు 1962లో రాబిన్సన్ కేసులో కొట్టివేసింది. అమ్మడం, కొనడం, దగ్గర ఉంచుకోవడం నేరాలు కావచ్చు కానీ, బానిసత్వం ఒక వ్యాధి అని, వ్యాధికి శిక్ష వేయరాదని ఆ తీర్పు సారాంశం.

ఏమీ చేయకపోవడం కూడా ఒక్కొక్కసారి నేరమవుతుంది, అయితే చేయవలసిన బాధ్యత ముందే ఉన్నప్పుడే. ఇంగ్లండులో 1902లో ఒక రైల్వే గేటు కాపలాదారు గేటు వేయడం మరచి వెళ్లిపోయాడు, పట్టాలు దాటుతున్న గడ్డిబండిని రైలు ఢీకొని ఒకరు మరణించారు. జీతం తీసుకుంటున్నది ఆ గేటు వేసేందుకే కనుక, వేయకపోవడమే మరణానికి అతనిని బాధ్యుడిని చేసింది. అదే దారిన పోతున్న ఒక అపరిచితుడు రైలు రావడం చూసి కూడా కేకవేయకపోతే ఇంగ్లిష్ చట్టం అతనిని ఏమీ అనదు. ఫ్రాన్సులోనూ జర్మనీలోనూ అలా కాదు. తనకు ప్రమాదం లేకుండా ఆపదలో ఉన్నవారిని ఆదుకోగలిగీ ఆదుకోకపోవడం అక్కడ శిక్షార్హమే. ఈ విషయంలో నాకు ఆ దేశాల పద్ధతే సబబుగా తోస్తుంది, కానీ దయను చట్టంతో బలవంతపెట్టకూడదన్న ఎదుటివారి వాదనలో కూడా బలం లేకపోలేదు.

మీ విషయంలో పని జరిగింది, సందేహం లేదు. మరొకరి వస్తువును ఆయన అనుమతి లేకుండా ఉన్న చోటు నుండి కదిలించారు. మిగిలినది మనసు. మెన్స్ రియా అంటారు దీన్ని. ఇక్కడ మనం రోజూ వాడే భాష చట్టం భాషతో పొంతన లేకుండా నడుస్తుంది, మీ అన్నయ్యగారితో మీకు వచ్చిన తగవు కూడా బహుశా ఇక్కడే పుట్టింది. మామూలు మాటలలో "ఉద్దేశం" అంటే ఎందుకు చేశాడన్న కారణం, ఏ లక్ష్యంతో చేశాడన్న సంకల్పం, రెండూ కలిసిపోతాయి. చట్టం ఈ రెంటినీ ఖచ్చితంగా వేరు చేస్తుంది. ఎందుకు అన్నది ప్రేరణ, ఏమి జరగాలని కోరుకున్నాడన్నది ఉద్దేశం. ప్రేరణ ఎంత మంచిదైనా ఉద్దేశాన్ని చెరిపివేయదు.

దీనికి 1884 నాటి డడ్లీ, స్టీఫెన్స్ కేసు కంటే పదునైన ఉదాహరణ నాకు తెలియదు. మిన్యొనెట్ అనే చిన్న ఓడ నడిసముద్రంలో మునిగిపోయి నలుగురు ఒక చిన్న పడవలో మిగిలారు. తిండి, మంచినీరు సరిగా లేక దాదాపు 20 రోజులు గడిచాక ఇద్దరు పెద్దవాళ్లు, అప్పటికే సొమ్మసిల్లి ఉన్న 17 ఏళ్ల కుర్రవాడిని చంపి, మూడవవాడితో కలిసి ఆ మాంసంతో ప్రాణాలు నిలుపుకున్నారు. నాలుగు రోజులకు మరో ఓడ వారిని రక్షించింది. వారి ప్రేరణ ద్వేషం కాదు, ధనాశ కాదు, కేవలం బ్రతకాలన్న తపన. అయినా కుర్రవాడు చనిపోవాలనే చంపారు కనుక ఉద్దేశం ఉన్నట్లేనని, ఆకలి హత్యకు సమర్థన కాదని కోర్టు తేల్చి మరణశిక్ష వేసింది. ఆ వెంటనే ప్రభుత్వం దానిని ఆరు నెలల జైలుగా తగ్గించింది. తీర్పు ఉద్దేశాన్ని చూసింది, క్షమాభిక్ష ప్రేరణను చూసింది. నేరం ఉందా లేదా అని తేల్చే దశలో ప్రేరణకు సాధారణంగా చోటు లేదు, శిక్ష ఎంత అన్న దశలో మాత్రం దానికి చాలా చోటు ఉంది.

మీ సంచికి దగ్గర బంధువు లాంటి కేసు అమెరికాలో జరిగింది. పాత ఇనుము వ్యాపారం చేసే మోరిసెట్ అనే వ్యక్తి 1948లో వేటకు వెళ్లి, వైమానిక దళం బాంబులు వేసి సాధన చేసే మైదానంలో ఏళ్ల తరబడి తుప్పుపట్టి గుట్టలుగా పడి ఉన్న బాంబు తొడుగులను చూశాడు. ప్రభుత్వం పారేసిందనుకుని పట్టపగలే లారీకి ఎత్తించి, చదును చేయించి 84 డాలర్లకు అమ్మాడు. ప్రభుత్వ ఆస్తి దొంగిలించాడని కింది కోర్టు శిక్షించింది, ఎవరూ వదిలేయని వస్తువును తీసుకున్నాడన్న ఒక్క అంశమే చాలునంది. 1952లో సుప్రీంకోర్టు ఆ తీర్పును తిరగదోడింది. దొంగతనమనే నేరం శతాబ్దాలుగా మనసుతో ముడిపడి ఉన్నదని, చట్టం పాఠంలో ఆ మాట రాయనంత మాత్రాన దానిని తీసివేసినట్లు కాదని, అతను నిజంగా ఆ వస్తువులను పారేసినవిగా నమ్మాడో లేదో జ్యూరీ నిర్ణయించాలని చెప్పింది. తనదనుకుని సంచి తీసుకున్న మీకు ఇదే వర్తిస్తుంది. వాస్తవాన్ని పొరబడినప్పుడు దొంగతనానికి కావలసిన దుర్బుద్ధి పుట్టనే పుట్టదు. కానీ చట్టాన్ని పొరబడితే ఈ రక్షణ దొరకదు. "రైలులో దొరికిన వస్తువు దొరికినవారిదే అనుకున్నాను" అని మీరు అని ఉంటే నా జవాబు వేరుగా ఉండేది.

ఇప్పుడు ఆ రెండు రోజులు. పని, మనసు ఒకే సమయంలో కలవాలి అన్నాను కదా. రైలు దగ్గర పని జరిగినప్పుడు మనసు నిర్దోషి, ఇంటి దగ్గర నిజం తెలిసినప్పుడు పని అప్పటికే ముగిసిపోయింది. కనుక రెండూ కలవలేదని ఎవరైనా తెలివిగా వాదించవచ్చు. చట్టం అంత తేలికగా వదలదు. 1860 నాటి భారత శిక్షాస్మృతిని రాసినవారు మీ సంచిని కలగన్నారా అనిపించే ఉదాహరణ అందులోని 403వ సెక్షన్ కింద ఉంది. ఒకడు మరొకరి వస్తువును తనదేనని సద్భావంతో నమ్మి తీసుకుంటే దొంగతనం కాదు. కానీ పొరపాటు తెలిసిన తరువాత దుర్బుద్ధితో దానిని సొంతానికి వాడుకుంటే అది అక్రమ స్వాయత్తమనే మరో నేరమవుతుంది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 314వ సెక్షన్ ఇదే విషయాన్ని కొనసాగిస్తోంది. ఇంగ్లండులో 1968 నాటి దొంగతనాల చట్టం దానికి వేరే పేరు పెట్టలేదు, నిర్దోషంగా చేతికి వచ్చిన వస్తువును తెలిసి తనదిగా అట్టిపెట్టుకోవడమే దొంగతనమన్నది.

కనుక కీలకమైన ప్రశ్న ఇది: ఆ రెండు రోజులలో మీరు ఆ సంచిని మీదిగా చేసుకోవాలనుకున్నారా, లేక ఇవ్వాలనుకుంటూనే బద్ధకించారా? బద్ధకం మర్యాద కాదు, అంతవరకు యజమాని కోపం న్యాయమే. కానీ బద్ధకం దుర్బుద్ధి కాదు. లోపలి డబ్బు ఖర్చుపెట్టి ఉంటే, పేరు రాసి ఉన్న కాగితం చింపి ఉంటే, అవి మనసును బయటపెట్టే పనులు అయ్యేవి. చట్టం మనసులోకి నేరుగా తొంగిచూడలేదు, నడత నుండే దానిని ఊహిస్తుంది.

పని, మనసు ఎప్పుడు కలిశాయన్న ఈ లెక్కలో న్యాయస్థానాలు ఎంత దూరం వెళ్లాయో చూడాలంటే మూడు తీర్పులు చాలు. 1968లో తీర్పు వచ్చిన ఒక లండను కేసులో ఫాగన్ అనే వ్యక్తి తెలియక కారును పోలీసు పాదం మీదికి ఎక్కించాడు, తీయమంటే వెంటనే తీయలేదు. ఎక్కించడం నేరం కాకపోయినా, కారు పాదం మీద ఉన్నంతసేపూ పని కొనసాగుతున్నట్లేనని, తీయనని మొరాయించిన క్షణాన మనసు దానితో కలిసిందని కోర్టు అన్నది. 1954లో బసూటోలాండ్ (నేటి లెసోతో) నుండి, బ్రిటిష్ వలసల అప్పీళ్లు వినే ప్రివీ కౌన్సిల్‌కు వచ్చిన థాబో మెలీ కేసులో కొందరు ఒక మనిషిని కొట్టి, చనిపోయాడనుకుని కొండ అంచు నుండి దొర్లించారు. అతను నిజానికి దెబ్బల వలన చనిపోలేదు, కింద చలికి పడి ఉండి చనిపోయాడు. చంపాలనుకున్నప్పుడు చంపలేదు, చంపినప్పుడు శవమే అనుకున్నారు. అయినా మొత్తం ఒకే పథకంలోని భాగమని శిక్ష ఖాయమైంది. 1983లో మిల్లర్ కేసులో, ఖాళీ ఇంటిలో సిగరెట్టు పట్టుకుని నిద్రపోయిన మనిషి మెలకువ వచ్చి పరుపు అంటుకున్నదని చూసి, ఆర్పకుండా పక్క గదిలోకి వెళ్లి పడుకున్నాడు. మంటను తెలియక పెట్టినా, తాను సృష్టించిన ప్రమాదాన్ని తెలిసి వదిలేయడమే అతని నేరమైంది. మీ రెండు రోజులకు ఈ మూడవ కేసే దగ్గర, అందుకే సంచి విషయం తెలిసిన వెంటనే కదలవలసింది అంటున్నాను.

నిర్లక్ష్యంగా బండి నడిపినవాడి విషయానికి వద్దాం. మీ ప్రశ్న సరైనదే, మీ అన్నయ్యగారి సూత్రాన్ని పడగొట్టేది కూడా అదే. మెన్స్ రియా అంటే ఉద్దేశం ఒక్కటే కాదు. అది మెట్లున్న నిచ్చెన. అమెరికాలో 1962లో తయారైన నమూనా శిక్షాస్మృతి ఈ మెట్లను నాలుగుగా స్పష్టంగా పేర్కొన్నది: ఫలితం కావాలని కోరుకుని చేయడం, ఫలితం తప్పదని తెలిసి చేయడం, ప్రమాదం ఉందని గమనించి కూడా లెక్కచేయకపోవడం, మామూలు మనిషి గమనించి ఉండవలసిన ప్రమాదాన్ని గమనించకపోవడం. పై మెట్టున ఉన్న మనసుకు పెద్ద శిక్ష, కింది మెట్టుకు చిన్న శిక్ష, కొన్ని నేరాలకు కింది మెట్టు చాలనే చాలదు. ఉద్దేశపూర్వక హత్యకు యావజ్జీవం దాకా, కొన్ని దేశాలలో మరణం దాకా వెళ్లే శిక్ష, నిర్లక్ష్యం వలన జరిగిన మరణానికి జర్మనీ శిక్షాస్మృతి 222వ సెక్షన్‌లో గానీ, భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్‌లో గానీ మామూలుగా గరిష్ఠంగా ఐదేళ్లకే పరిమితమవుతుంది. మరణించిన మనిషి ఒక్కడే, పోయిన ప్రాణం ఒకటే, శిక్షలో ఇంత తేడా కేవలం మనసు వలన. అంటే డ్రైవరుకు ఉద్దేశం లేదన్న మాటను చట్టం విననట్టు కాదు. ఆ మాట విని అతనిని హత్య మెట్టు నుండి దించింది, కానీ కింది మెట్టు మీద నిలబెట్టింది.

మూడవ, నాలుగవ మెట్ల మధ్య గీత ఎక్కడ గీయాలన్నది మాత్రం న్యాయమూర్తులను కూడా చాలాకాలం ఇబ్బంది పెట్టింది. ఇంగ్లండులో 1981 నాటి కాల్డ్‌వెల్ తీర్పు తరువాత, మామూలు పెద్దమనిషికి కనిపించే ప్రమాదం నిందితుడికి కనిపించకపోయినా అతనిని తెగింపుతో చేసినవాడిగానే లెక్కగట్టేవారు. 2000లో 11, 12 ఏళ్ల ఇద్దరు పిల్లలు ఒక దుకాణం వెనుక పాత పత్రికలకు నిప్పంటించి, అవే ఆరిపోతాయనుకుని వెళ్లిపోయారు. మంట చెత్త డబ్బాకు, అక్కడి నుండి పైకప్పుకు పాకి దాదాపు పది లక్షల పౌండ్ల నష్టం జరిగింది. పాత సూత్రం ప్రకారం వారిని దోషులుగా నిలబెట్టారు. 2003లో, అప్పట్లో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆ శిక్షను రద్దు చేసి, తన పాత తీర్పును తానే పక్కనపెట్టింది. ఆ పిల్లలకు ఆ వయసులో ఆ ప్రమాదం తోచలేదంటే, తోచి లెక్కచేయలేదని అనడం అన్యాయమని తేల్చింది. నష్టం ఎంత పెద్దదైనా మనసును పెద్దది చేసి చూపలేదు. మీరు సంచి ఖరీదు ఎంతని చెప్పలేదు, ఈ ప్రశ్నకు దానితో పని కూడా లేదు.

ఫలితం ఉన్న నేరాలలో పనికీ ఫలితానికీ ముడి కూడా నిరూపించాలి. 1975లో ఇంగ్లండులో తీర్పు వచ్చిన ఒక కేసులో, బ్లావ్ అనే వ్యక్తి కత్తితో పొడిచిన యువతి మత విశ్వాసం వలన రక్తం ఎక్కించుకోవడానికి ఒప్పుకోక మరణించింది. ఆమె ఒప్పుకుంటే బ్రతికేది కదా అన్న వాదనను కోర్టు అంగీకరించలేదు. దాడి చేసినవాడు బాధితుడిని, అతని శరీరంతో పాటు నమ్మకాలతో కూడా, ఉన్నవాడిని ఉన్నట్లుగానే భరించాలని చెప్పింది.

మనసుతో పనిలేకుండా పనికే శిక్ష వేసే నేరాలు కూడా ఉన్నాయి, వాటిని కఠిన బాధ్యత నేరాలంటారు. కల్తీ ఆహారం అమ్మడం, వేగ పరిమితి దాటడం, కాలుష్యం వంటివి ఎక్కువగా ఈ కోవలోవి. తెలియదన్నవాడినల్లా వదిలేస్తే ఇవి అమలు కావన్నది కారణం. కోర్టులు మాత్రం ఈ ద్వారాన్ని ఇరుకుగానే ఉంచుతూ వచ్చాయి. తన పొలం ఇంటిని అద్దెకిచ్చి అప్పుడప్పుడూ మాత్రమే వెళ్లే ఒక ఉపాధ్యాయురాలిని, అద్దెకున్నవారు గంజాయి తాగారన్న కారణంగా ఇంగ్లండులో శిక్షించారు. 1969లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆ శిక్షను కొట్టివేస్తూ, పార్లమెంటు స్పష్టంగా కాదంటే తప్ప మనసు అవసరమనే భావించాలని చెప్పింది.

పని, మనసు రెండూ ఉన్నా బాధ్యత నుండి తప్పించే సందర్భాలను ఇక్కడ ఒక మాటలో ముగిస్తాను. దాడి నుండి ఆత్మరక్షణ, మతిభ్రమణం, బాల్యం ముఖ్యమైనవి. మతిభ్రమణానికి కొలత 1843లో మెక్‌నాటెన్ ప్రధానమంత్రి పీల్ అనుకుని ఆయన కార్యదర్శిని కాల్చి చంపిన కేసు నుండి వచ్చింది: చేస్తున్న పని ఏమిటో, లేక అది తప్పని, మానసిక వ్యాధి వలన తెలియకపోవడం. బాల్యానికి హద్దు ఇంగ్లండులో పదేళ్లు, జర్మనీలో పద్నాలుగు, భారతదేశంలో ఏడు. ఒకే పిల్లవాడు ఒక దేశంలో నిందితుడై మరో దేశంలో కాకపోవడం చూస్తే, ఈ గీతలు ప్రకృతి గీసినవి కాదని అర్థమవుతుంది.

నిరూపణ భారం గురించి కూడా తెలుసుకోండి, సంచి యజమాని నిజంగానే ఫిర్యాదు చేస్తే మీకు అన్నిటికంటే పనికివచ్చేది ఇదే. 1934లో ఇంగ్లండులో వుల్మింగ్టన్ అనే యువకుడి చేతిలో తుపాకీ పేలి భార్య మరణించింది. అనుకోకుండా పేలిందని అతను అన్నాడు. అది ప్రమాదమని రుజువు చేయవలసినది నువ్వేనని కింది కోర్టు చెప్పగా, 1935లో హౌస్ ఆఫ్ లార్డ్స్ కాదన్నది. నేరాన్ని మొదటి నుండి చివరి వరకు నిరూపించవలసినది ఆరోపించినవారే. మీరు సంచిని మీదనుకోలేదని వారు సహేతుక సందేహానికి తావు లేకుండా చూపాలి తప్ప, అనుకున్నానని మీరు రుజువు చేయనక్కరలేదు.

పెద్ద నేరం, చిన్న నేరం అన్నది ఎవరు నిర్ణయిస్తారని అడిగారు. శాసనసభే నిర్ణయిస్తుంది, కానీ దాని చేతిలోని కొలబద్ద పాపం ఎంతన్నది కాదు. ఎంత శిక్ష, ఏ కోర్టు, పోలీసులకు ఎంత అధికారం అన్న ఆచరణ ప్రశ్నలకు జవాబుగా వర్గీకరణ పుట్టింది. ఇంగ్లండులో ఒకప్పుడు ఫెలనీ (పెద్ద నేరం), మిస్‌డిమీనర్ (చిన్న నేరం) అని రెండు వర్గాలుండేవి. ఫెలనీకి ఆస్తి జప్తు, ప్రాణదండన. కాలక్రమంలో ఈ విభజన వింతగా తయారైంది. చిల్లర దొంగతనం ఫెలనీ, కోర్టులో అబద్ధపు సాక్ష్యం మిస్‌డిమీనర్. చివరికి 1967లో ఆ విభజననే రద్దు చేశారు. అమెరికా ఆ పేర్లను ఉంచుకుని, ఫెడరల్ చట్టంలో ఏడాది దాటిన జైలుశిక్ష ఉన్న నేరాన్ని ఫెలనీగా లెక్కిస్తోంది. ఫ్రాన్సు మూడుగా చేసింది: క్రీమ్ (తీవ్రమైన నేరం), దెలీ (మధ్యస్థమైనది), కాంత్రవాన్సియోఁ (చిన్న ఉల్లంఘన). వీటికి మూడు రకాల కోర్టులు. జర్మనీ మాత్రం కనీస శిక్ష ఏడాది లేదా అంతకు మించి ఉంటే ఫెర్‌బ్రెఖెన్ (పెద్ద నేరం), లేకపోతే ఫెర్‌గేహెన్ (చిన్న నేరం) అని రెండుగా విడదీస్తుంది. భారతదేశంలో ప్రధాన గీత పోలీసుల అధికారం మీద ఉంది. వారెంటు లేకుండా అరెస్టు చేసి, మేజిస్ట్రేటు ఆదేశం లేకుండా దర్యాప్తు మొదలుపెట్టగలిగితే కాగ్నిజబుల్, లేకపోతే నాన్ కాగ్నిజబుల్. దానితో పాటు బెయిలబుల్, నాన్ బెయిలబుల్ అనే మరో గీత ఉంది. ఇక్కడ ఒక భ్రమ తొలగించాలి. నాన్ బెయిలబుల్ అంటే బెయిలు రాదని కాదు, హక్కుగా అడగలేమని, న్యాయమూర్తి విచక్షణ మీద ఆధారపడుతుందని మాత్రమే.

ఈ పేర్లు పుస్తకాలకే పరిమితమని అనుకోకండి. ఫ్రాన్సులో క్రీమ్‌కు ప్రయత్నించడమే ఎప్పుడూ శిక్షార్హం, దెలీకి ప్రయత్నం చట్టం ప్రత్యేకంగా చెప్పినప్పుడే, కాంత్రవాన్సియోఁకు ప్రయత్నం అసలు నేరమే కాదు. అలాగే 2017 నుండి మొదటిదానికి సాధారణంగా 20 ఏళ్ల వరకు, రెండవదానికి 6 ఏళ్ల వరకు, మూడవదానికి ఏడాది వరకే కేసు పెట్టవచ్చు. ఏ గూటిలో వేశారన్న దానిని బట్టి మనిషి తలరాత మారిపోతుంది.

ఇవి కాక పండితులు చేసే మరో విభజన ఉంది. కొన్ని పనులు చట్టం చెప్పకముందే తప్పులు, హత్య, దోపిడీ వంటివి. మరికొన్ని చట్టం నిషేధించినందువలన మాత్రమే తప్పులు, అనుమతి లేకుండా వ్యాపారం నడపడం వంటివి. ఈ విభజన చెప్పుకోవడానికి బాగుంటుంది కానీ, మధ్యలో ఉన్న వందలాది నేరాలను ఎటు వేయాలో చెప్పదు. రక్షించే విషయాన్ని బట్టి శరీరం మీద, ఆస్తి మీద, రాజ్యం మీద, న్యాయపాలన మీద నేరాలని విడదీయడమే శిక్షాస్మృతుల అధ్యాయాలకు ఆధారం. వీటన్నిటికీ పైన, 1998 నాటి రోమ్ శాసనం కింద హేగ్‌లోని అంతర్జాతీయ నేర న్యాయస్థానం విచారించే నాలుగు నేరాలున్నాయి: జాతి నిర్మూలన, మానవజాతిపై నేరాలు, యుద్ధ నేరాలు, దురాక్రమణ. ఆ శాసనంలోని 30వ అధికరణం కూడా ఉద్దేశం, జ్ఞానం ఉండాలంటుంది. మీ సంచికీ, జాతి నిర్మూలనకూ వర్తించే ప్రాథమిక ప్రశ్న అదొక్కటే కావడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది.

చివరగా పార్కింగ్ జరిమానా. జర్మనీలో ఇటువంటి ఉల్లంఘనలను నేరాల నుండి విడదీసి వేరే చట్టం కింద పెట్టారు, వాటికి జరిమానాయే తప్ప జైలు, నేరచరిత్ర ఉండవు. చాలా దేశాలు ఇదే దారిలో ఉన్నాయి. కనుక నేరస్థురాలినా అని మీరు దిగులుపడనక్కరలేదు. అయితే పేరు మార్చినంత మాత్రాన హక్కులు పోవని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం 1984లో ఓజ్‌టుర్క్ కేసులో తీర్పు చెప్పింది. చిన్న వాహన ప్రమాదానికి జరిమానా పడిన టర్కీ వలసకార్మికుడి నుండి, విచారణలో దుబాసీకి అయిన ఖర్చు 63 మార్కుల 90 ఫెన్నిగ్‌లను జర్మనీ వసూలు చేయబోయింది. ఇది నేరం కాదు కనుక ఉచిత దుబాసీ హక్కు లేదన్నది ప్రభుత్వ వాదన. మీరు ఏ పేరు పెట్టుకున్నా, శిక్షించి, భయపెట్టి దారికి తెచ్చే స్వభావం ఉన్నంతవరకు నిందితుడి హక్కులు వర్తిస్తాయని న్యాయస్థానం అన్నది.

మీరు చేయవలసినది కొద్దిగానే ఉంది. ఆయనకు మీరు చేసిన ఫోను తేదీ, సంచి అప్పగించినట్లు తెలిపే సందేశమేదైనా ఉంటే భద్రపరచండి. లేకపోతే, సంచి, అందులోని వస్తువులు సక్రమంగా అందాయని ఒక చిన్న సందేశం రూపంలో ఆయన నుండి తీసుకోండి. ఆలస్యానికి క్షమాపణ అడగడం నేరాన్ని ఒప్పుకున్నట్టు కాదు, కానీ రాతలో అడిగేటప్పుడు "పొరపాటున నాదనుకుని తెచ్చాను" అన్న వాక్యం తప్పక ఉండేట్లు చూడండి. ఆయన నిజంగా ఫిర్యాదు చేసి మిమ్మల్ని పిలిపిస్తే, ఏమీ సంతకం చేయకముందే మీ ప్రాంతంలోని న్యాయవాదిని కలవండి. ఆ రెండు రోజులు ఎందుకు పట్టిందో ఆయనకు ఉన్నది ఉన్నట్లు చెప్పండి.